రూతు రాసిన అయిదు ఉత్తరాలు

నరసాపురం,
14-11-1981

చిరంజీవి జోగేశ్వరరావుకు, మరదలు అమ్మణ్ణికి మీ అక్కయ్య దీవెనలు.

నిడదవోలులో బండి మారడానికి ఇబ్బందేమీ కాలేదు. ఎదుటి సీటాయన సంచీ దించిపెట్టాడు. ఇంటికి వచ్చేసరికి వీరవేణి కొట్టు తెరుచుకుని లేసు అల్లుకుంటూ కూర్చుని ఉంది. నేను లేని అయిదు నెలలూ దారాల కొట్టు ఒక్క రోజు మూయలేదట. మీ బావగారు పోయిన దగ్గర్నుంచీ ఈ కొట్టే నా కాళ్ళూ చేతులూ అని దానికి తెలుసు.

నన్ను చూడటానికి లేసు అల్లే వాళ్ళందరూ వచ్చారు. "ఏంటండీ మాణిక్యమ్మగారూ, సగానికి సగం అయిపోయారు?" అని ఒకటే గోల. నువ్వు చెప్పిన మాటే అందరికీ చెప్పాను. అన్నం దిగే గొట్టంలో కురుపు లేచింది, మద్రాసులో కోసి తీసేశారు, కరెంటు పెట్టి ఆరబెట్టారు, ఇంక భయం లేదు అన్నాను.

అమ్మణ్ణి తిండి సంగతి అడుగుతుందని రాస్తున్నాను. అంతా రూతు చెప్పినట్టే చేస్తున్నాను. రోజుకు ఆరుసార్లు, చిన్న గిన్నెకి మించకుండా, మెత్తగా పిసికి, నిటారుగా కూర్చుని తింటున్నాను. తిన్నాక రెండు గంటలు నడుం వాల్చను. పడుకునేటప్పుడు తల కింద మూడు దిళ్ళు.

తమ్ముడూ, ఆ రూతే లేకపోతే నేను ఆపరేషనుకి ఒప్పుకునేదాన్నే కాదు. నువ్వు బతిమాలి అలిసిపోయి వరండాలోకి వెళ్ళిన పూట, పాత ఆపరేషను మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిన ఆవిణ్ణి నర్సమ్మ నా మంచం దగ్గరికి పంపింది. స్టూలు లాక్కుని కూర్చుని, పైట కాస్త తొలగించి, వీపు నుంచి రొమ్ము కిందదాకా ఉన్న కుట్ల గీత చూపించింది. "నాకూ ఇదేనండి. రెండేళ్ళయింది. మండపేటలో ఉప్పుడు బియ్యం మిల్లు కళ్ళంలో ధాన్యం తిరగేస్తున్నాను. ఈ చేతులు చూడండి, చచ్చిపోయే మనిషి చేతుల్లా ఉన్నాయా?" అంది. ఆ మాటకి లేచి కూర్చున్నాను. తర్వాత పదిరోజులూ ఉండి, నాకు మొదటి చెంచా నీళ్ళు తాగించింది కూడా ఆవిడే. ఇద్దరిలో ఎవరికి మళ్ళీ మింగుడు పడకపోయినా రెండోవాళ్ళు వెంట నిలబడాలని చేతిలో చెయ్యి వేయించుకుంది.

నీ ఇంటి అడ్రసు ఆవిడకి నేనే రాయించి ఇచ్చాను. ఆవిడ అడ్రసు కాగితం నీ దగ్గరే ఉండిపోయింది. ఉత్తరమేమైనా వచ్చిందా? వస్తే వెంటనే పంపు, ఆ కాగితం కూడా.

నన్ను తల్లిలా చూసుకున్నావు. నువ్వు చల్లగా ఉండాలి.

మీ అక్కయ్య,
మాణిక్యాంబ

*

రాజమండ్రి,
25-11-1981

అక్కయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం కోర్టు నుంచి వచ్చాక చదువుకున్నాను. అమ్మణ్ణి రెండుసార్లు చదివించుకుంది. నువ్వు తిండి శ్రద్ధగా తింటున్నందుకు మాకు సంతోషం. కొట్లో మూటలు మాత్రం ఎత్తకు.

రూతు దగ్గర్నుంచి ఉత్తరాలేమీ రాలేదు. ఆసుపత్రిలో పరిచయాలు అక్కడితో సరి అక్కయ్యా. ఆవిడకి ఆవిడ పని, ఆవిడ సంసారం. అడ్రసు కాగితం వెతికాను, కనపడలేదు. చొక్కాతోపాటు చాకలికి వెళ్ళిపోయి ఉంటుంది.

జనవరిలో ఓసారి మద్రాసు వెళ్ళివద్దాం. ఊరికే, కుట్లు ఎలా ఉన్నాయో చూపించుకోవడానికి. సెలవు నేను పెడతాను.

నీ తమ్ముడు,
జోగేశ్వరరావు

*

నరసాపురం,
18-1-1982

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

మద్రాసు ప్రయాణం నాకు వద్దు. కురుపు తీసేశారు, కుట్లు మానాయి, ఇంకేం చూస్తారు? రెండు రోజుల రైలు నా ఒంటికి పడదు. లేసు కంపెనీల వాళ్ళు దారం కోసం ఇప్పుడే తిరుగుతున్నారు. ఎండలు పోయాక చూద్దాంలే.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. "రూతు, ఉప్పుడు మిల్లు, మండపేట" అని రాసి ఒక కార్డు వేశాను. పన్నెండు రోజులకి వెనక్కి వచ్చింది. ఆ ఊళ్ళో ఎన్ని మిల్లులున్నాయో, ఎందరు రూతులున్నారో! పోస్టుమాన్ నవ్వుతూ ఇచ్చి వెళ్ళాడు. నాకు నవ్వు రాలేదు.

ఆవిడ అంత మాట ఇచ్చి ఒక్క కార్డు ముక్క రాయలేదంటే మనసు చివుక్కుమంటోంది. ఆ పదిరోజులూ నా ఉమ్మి పట్టిన మనిషి. నర్సమ్మ చెప్పింది కాబట్టి చేసిందేమో, నేనే సొంత మనిషిననుకున్నానేమో. సరే, ఇంక ఆవిడ సంగతి నీ దగ్గర ఎత్తను.

అక్కయ్య

*

నరసాపురం,
3-3-1982

తమ్ముడూ, అమ్మణ్ణీ,

ఈ సంగతి రాయాలా వద్దా అని వారం నుంచి ఆలోచిస్తున్నాను. నాకు మళ్ళీ మింగుడు పడటం లేదు. ముందు ముద్ద పట్టుకునేది. తర్వాత జావ. ఇప్పుడు మజ్జిగ కూడా కాసేపు గుండెల దగ్గర నిలబడి దిగుతోంది. ఒక్కోసారి తిరిగి వచ్చేస్తోంది. ఇక్కడి బియ్యం మిల్లు దగ్గర కాటా మీద నిలబడితే ముప్ఫై ఎనిమిది కిలోలు తూగాను.

వీరవేణి తప్ప ఎవరికీ తెలియదు. నేను తిండిలో ఏదో తప్పు చేసి ఉంటాను. ఆ మధ్య పెళ్ళిలో ఒక గారె ముక్క తిన్నాను, దానివల్ల కురుపు మళ్ళీ లేచిందా? ఆపరేషను రోజున డాక్టరుగారు నీతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడారు కదా, ఇలా అవుతుందని ఏమైనా అన్నారా? జనవరిలో నీ మాట విని వెళ్ళవలసింది. ఇప్పుడు రమ్మంటే ఇప్పుడే వస్తాను. మద్రాసు తీసుకెళ్ళు.

నాకు భయంగా ఉంది జోగీ.

అక్కయ్య

*

రాజమండ్రి,
12-3-1982

అక్కయ్యకు,

భయపడకు. పుండు మానేటప్పుడు కొన్నాళ్ళు ఇలా ఉంటుందట. ఇక్కడ తెలిసిన డాక్టరుగారిని అడిగాను. మద్రాసుదాకా అక్కరలేదన్నారు. ఇంత నీరసంలో నిన్ను రైల్లో తిప్పడం నాకూ ఇష్టం లేదు. సెలవు అడిగాను కూడా, ఇవ్వలేదు.

హార్లిక్సు సీసాలు నాలుగు, బార్లీ డబ్బా పార్సిలు చేశాను. పలచగా కలుపుకుని తాగు. కొట్టు సంగతి వీరవేణి చూసుకుంటుంది, నువ్వు హాయిగా విశ్రాంతి తీసుకో. వచ్చే నెల ఇక్కడికి వచ్చెయ్యి. కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకున్నాను. మెట్లు నువ్వు ఎక్కక్కరలేదు, నీ పేరున నేను ఎక్కి వస్తాను.

ఏమైనా తినాలనిపిస్తే రాయి. ఎవరినైనా చూడాలనిపించినా రాయి, పిలిపిస్తాను.

తమ్ముడు

*

నరసాపురం,
6-4-1982

జోగేశ్వరరావుకు,

సోమవారం మధ్యాహ్నం కొట్టు దగ్గరికి ఒక పెద్దమనిషి వచ్చారు. తెల్ల జుబ్బా, చంకలో గొడుగు. "మాణిక్యాంబగారంటే మీరేనాండి?" అన్నారు.

"నేనేనండి."

"మండపేట నుంచి వస్తున్నానండి. జ్ఞానప్రకాశం అంటారు, అక్కడి బాప్టిస్టు సంఘంలో పాస్టరుని. ఈ ఊళ్ళో మీటింగుకి వస్తుంటే రూతమ్మ మిమ్మల్ని ఒక మాట అడిగి రమ్మంది. నరసాపురంలో దారాల కొట్టు అని తప్ప ఆనవాలు చెప్పలేదు. పొద్దుట్నుంచీ అయిదు కొట్లు తిరిగానండి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. బల్ల తుడిచి కూర్చోమన్నాను. ఏమడగమంది అన్నాను.

ఆయన కాస్త ఇబ్బందిగా చూసి, "ఆవిడన్న మాటే చెబుతానండి, ఏమీ అనుకోకండి. అయిదు ఉత్తరాలు రాసిందట రాజమండ్రికి. ఒక్కదానికీ జవాబు లేదట. మీరు బతికున్నారో లేదో కనుక్కోమంది. బతికుంటే ఇలా చెప్పమంది: ఇద్దరికీ ఒకే క్యాన్సరు, ఒకే కోత, ఆసుపత్రిలో మన మధ్య కులం కనపడలేదు, ఇంటికెళ్ళాక కనపడిందా అని."

నేను అన్నాను, "క్యాన్సరు ఎవరికండీ?"

ఆయన ముఖం పాలిపోయింది. నేను వీరవేణి వైపు చూశాను. దాని చేతిలో సూది ఆగిపోయింది. తలెత్తలేదు.

"నీకు తెలుసా?" అన్నాను.

"తమ్ముడుగారు ఒట్టు వేయించుకున్నారండి," అని ఏడ్చింది.

అంటే నా కొట్లో కూర్చుని లేసు అల్లే మనిషికి తెలుసు. అమ్మణ్ణికి తెలుసు. మండపేటలో ధాన్యం ఎండబోసే వాళ్ళకి తెలుసు. ముక్కూ మొహం తెలియని పాస్టరుగారికి తెలుసు. ఆ జబ్బు మోసే నాకు తెలియదు. ఎండిన పుండుకి మద్రాసు ఎందుకని వాదించాను చూడు, ఎంత తెలివితక్కువదాన్నో! నువ్వు నన్ను అలా వాదించనిచ్చావు.

పాస్టరుగారు వెళ్ళబోతూ నన్ను తేరిపార చూసి, "మింగుడు పడటం లేదా అమ్మా? రూతమ్మకీ ఆపరేషనైన కొన్నాళ్ళకి ఇలాగే అయింది. జబ్బు తిరగబెట్టిందనే అనుకున్నాం. కాదట, లోపల కుట్టు బిగిసిందట. మద్రాసులో గొట్టం వేసి వెడల్పు చేశారు. మీకూ అలా కావచ్చని, అలా అయితే ఆలస్యం చేయొద్దని రాశానని చెప్పిందే?" అన్నారు.

నెల నుంచి నేను మజ్జిగ నీళ్ళతో బతుకుతున్నాను. చేయవలసింది ఏమిటో నా పేరు మీద వచ్చిన ఉత్తరంలో ఉంది. ఆ ఉత్తరం నీ ఇంట్లో ఉంది. నువ్వు నాకు హార్లిక్సు పంపించావు.

మార్చిలో నువ్వు రాసిన ఉత్తరం మళ్ళీ చదివాను. జనవరిలో మద్రాసు మద్రాసు అన్నవాడివి, నేను వస్తానంటే ఎందుకు వద్దన్నావో ఇప్పుడు అర్థమైంది. ఎవరినైనా చూడాలనుందా అని అడిగావు. నేను పోతున్నానని నిశ్చయించేసుకున్నావు. నన్ను ఒక్క మాట అడగకుండా.

నా ఉత్తరాలు నాకు పంపు. అయిదూ. ఆ అడ్రసు కాగితం ఏ చాకలికీ వెళ్ళి ఉండదు, అది కూడా పంపు. నువ్వు రావద్దు.

మాణిక్యాంబ

*

రాజమండ్రి,
10-4-1982

అక్కయ్యా,

అయిదు ఉత్తరాలూ, కాగితమూ రిజిస్టరు చేశాను. నిజమే, అన్నీ నేనే విప్పాను.

మొదటిది నువ్వు మా ఇంట్లో ఉన్నప్పుడే వచ్చింది. పక్క గదిలో నువ్వు పడుకుని ఉన్నావు. మీ తమ్ముడు ఈపాటికి చెప్పే ఉంటాడు కాబట్టి నేనూ దాచను అంటూ ఆవిడ ఆ జబ్బు పేరు తిన్నగా రాసేసింది. దాన్ని నీ చేతికి ఎలా ఇవ్వను? ఆ రోజే నువ్వు మొదటిసారి పెరుగన్నం తిని నవ్వావు. అది పోతుందని దాచాను. తర్వాతవి మొదటిదాని కోసం దాచాను. ఒకటి దాచాక రెండోది ఇవ్వడానికి దారి లేకపోయింది.

అమ్మ సంగతి నీకు గుర్తుందో లేదో. ఆవిడకి క్షయ అని డాక్టరు ముఖం మీదే చెప్పాడు. అంతే, గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఇటు తిరగలేదు. నువ్వు అప్పటికి అత్తారింట్లో ఉన్నావు. చూసినవాణ్ణి నేను.

కుట్టు బిగుస్తుందని ఆవిడ రాసింది చదివాను. కానీ మిల్లులో పనిచేసే మనిషి మాట పట్టుకుని ఏమని ఆశపడను? ఇక్కడి డాక్టరు, మళ్ళీ మింగుడు పడకపోతే ఆ జబ్బు తిరగబెట్టినట్టే, ఇంక కదపకండి అన్నాడు. నీ ప్రాణం సుఖంగా ఉంటే చాలనుకున్నాను. ఆ వారమంతా కోర్టులో ఏ కాగితం ఎటు పెట్టానో నాకే తెలియదు.

నేను చేసింది నీ మంచికే. ఆరు నెలలు నువ్వు భయం లేకుండా బతికావు, అది మాత్రం అబద్ధం కాదు. నేను వచ్చి నిన్ను మద్రాసు తీసుకువెళ్తాను. తంతి ఇవ్వు చాలు.

జోగేశ్వరరావు

*

మద్రాసు,
2-5-1982

జోగేశ్వరరావుకు,

తంతి ఇవ్వలేదు. నీ రిజిస్టరు అందిన మర్నాడే వీరవేణిని తోడు తీసుకుని రావులపాలెంలో బస్సు మారి మండపేట వెళ్ళాను.

రూతు కళ్ళంలో ఉంది. ఆవిరి పోని ధాన్యాన్ని కాళ్ళతో తిరగేస్తోంది. నన్ను చూసింది, ఆగలేదు. చివరిదాకా వెళ్ళి వెనక్కి వస్తూ, "బతికే ఉన్నారన్నమాట," అంది. అంతే. ఎండలో నిలబడలేక నేను అక్కడే కూలబడ్డాను.

సంచీలోంచి ఉత్తరాలు తీసి ఆవిడ ముందు పెట్టాను. "ఇవి నేను మొన్నే చూశానమ్మా," అన్నాను. ఆవిడ కవర్లు తిరగేసి చూసింది. అన్నీ ఒకేలా అంచు కత్తిరించి ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. "మావాళ్ళు చెప్పలేదు సరే, పది రోజులు పక్కన కూర్చున్నావు, నువ్వయినా చెప్పకూడదా రూతూ?" అన్నాను.

ఆవిడ నా పక్కనే నేల మీద కూర్చుంది. "మీ తమ్ముడుగారు నా కాళ్ళు పట్టుకోబోయారండి. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ చెప్పనని మాటిచ్చాను. తప్పే. అందుకే ఇంటికి రాగానే అదే ముందు రాశాను. మీరు పలక్కపోతే, మాలపల్లెలో మనిషికి ఏం జవాబిస్తాంలే అనుకున్నారనుకున్నాను. దేవుడి ముందు మిమ్మల్ని తిట్టుకున్నానండి," అంది. చూశావా, ఆరు నెలలు నేను ఆవిణ్ణి తప్పు పట్టాను, ఆవిడ నన్ను తప్పు పట్టింది. మధ్యలో నువ్వున్నావని ఇద్దరికీ తెలియదు.

ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆవిడ కాచిన సగ్గుబియ్యం జావే తాగాను. అమ్మణ్ణికి ఇది కూడా చెప్పు. వీరవేణిని కొట్టుకి పంపేసి, మూడో రోజుకి రూతూ నేనూ మద్రాసు మెయిలెక్కాం.

ఈసారి డాక్టరుగారు ఎవరితోనూ పక్కకి వెళ్ళి మాట్లాడలేదు. తెలుగు వచ్చిన నర్సమ్మని పిలిపించుకుని, "జబ్బు నాది, నాతో చెప్పమనండి," అన్నాను. ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఎక్కడ కోశారో, కడుపుని పైకి లాగి ఎక్కడ కలిపారో అప్పుడు తెలిసింది. గొంతులోంచి గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపారు. జవాబు వచ్చేదాకా నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ భయంతో నా చేతులు ఆగలేదు. నిజమే, నువ్వన్నట్టు తెలిస్తే భయమే. కానీ రూతు పక్కన ఉంది. నాకూ ఇలాగే వణికాయండి అంటూ చేతులు పట్టుకుని కూర్చుంది. నువ్వు దాచింది జబ్బు పేరొక్కటే కాదు, ఈ చేతులు కూడా.

క్యాన్సరు లేదన్నారు. కుట్టు బిగిసిందంతే. రెండుసార్లు గొట్టంతో వెడల్పు చేశారు, ఈ వారంలో నరసాపురం వెళ్ళి మళ్ళీ ఇంకో రెండుసార్లు రావాలి. రెండు నెలల కిందట వస్తే ఇంత చిక్కిపోయేదానివి కాదు, ఎందుకు ఆలస్యం చేశావని డాక్టరుగారు నన్ను కోప్పడ్డారు. నీ పేరు ఎత్తలేదు. ఇప్పటికి లేదు గానీ ఎప్పటికీ రాదని చెప్పలేమన్నారు. మూడు నెలలకోసారి చూపించుకోవాలి. ఆ మాట కూడా నాతోనే అన్నారు. వినగలిగాను. గోడ వైపు తిరగలేదు.

నిన్న ఇడ్లీ తిన్నాను. ఒక్క ఇడ్లీకి ముప్పావు గంట పట్టింది.

నీ ఉత్తరం రూతుకి చదివి వినిపించాను. అమ్మ సంగతి విని కళ్ళు తుడుచుకుంది. చిన్నతనంలో చూసి బెదిరిపోయాడు పాపం, మన్నించెయ్యండి అంది. నేను మన్నించలేదు. నువ్వు మంచికే చేశానన్నావు. నా ఒళ్ళు, నా ప్రాణం, ఎంత మిగిలిందో ఎలా ఖర్చు పెట్టుకోవాలో నాకు తెలియకుండా చేయడం ఏం మంచి? ఇంకో మాట. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అందులో ఎక్కడా ఆ జబ్బు పేరు లేదు. నా దగ్గర దాచడానికి ఇంకేమీ మిగల్లేదు కదా, మరి ఎవరి దగ్గర దాస్తున్నావు?

మాణిక్యాంబ

*

రాజమండ్రి,
11-5-1982

అక్కయ్యా,

నీకు వచ్చింది క్యాన్సరు. అన్నవాహికకి వచ్చింది. పోయిన ఏడాది జూన్‌లో డాక్టరు నాకు చెప్పాడు.

మార్చిలో నేను సెలవు అడగలేదు. ఇవ్వలేదని అబద్ధం రాశాను. మద్రాసు తీసుకువెళ్తే తిరగబెట్టిందన్న మాట నీ ముందు వినాలి. అది వినలేక మానేశాను. నీకు భయమని అందరికీ చెప్పాను. భయం నాది.

నీకు మింగుడు పడటం లేదని తెలిశాక రూతుగారి నాలుగో ఉత్తరం మళ్ళీ చదివాను. కుట్టు బిగుస్తుందని ఆవిడ చెప్పిందే నిజమేమోనని ఒక్క పూట అనిపించింది. అయినా పంపలేదు. పంపితే మిగతా మూడింటి సంగతీ బయటపడుతుంది. నువ్వు ఆకలితో ఉన్నావని తెలిసే పంపలేదు. ఇది అమ్మణ్ణికి కూడా చెప్పలేదు, నీకే చెబుతున్నాను.

ఇరవై రెండో తేదీ శనివారం బండికి వస్తాను. తలుపు తీయకపోతే అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోతాను.

తమ్ముడు

*

నరసాపురం,
14-5-1982
(కార్డు)

తమ్ముడికి,

ఉత్తరం చేరింది. కోపం తగ్గలేదు, తగ్గిందని రాయను.

శనివారం రావద్దు, ఆదివారం రా. ఆ పూట రూతు ఇక్కడ ఉంటుంది. ఆ పై వారం ఇద్దరం కలిసి మద్రాసు వెళ్తున్నాం. నాలుగో ఉత్తరం సంగతి నాకు రాశావు, సరే. అది రాసింది ఆవిడ. ముందు ఆవిడ ఎదురుగా నిలబడి నీ నోటితో చెప్పు. తర్వాత నా దగ్గరికి రా.

అన్నం వండి ఉంచుతాను. నాకు తినడానికి గంట పడుతుంది. కూర్చోగలిగితే కూర్చో.

మాణిక్యాంబ